పెట్టె మీది దుమ్ము

కోరుట్లలోని ఆ డిగ్రీ కాలేజీలో అఖిలను ఎరగనివాళ్లు లేరు. ఎవరి నడకైనా, ఎవరి మాటైనా ఒక్కసారి కంటబడితే చాలు, ఆ మనిషిని అచ్చంగా దించేసేది. ప్రిన్సిపాల్ గొంతు సవరించుకోవడం, మెట్‌పల్లి బస్సు కండక్టరు చిల్లర లేదని కసురుకోవడం, లైబ్రరీలో కునుకుతీసే నర్సయ్య సార్ ఉలిక్కిపడి "సైలెన్స్" అనడం. మధ్యాహ్నం టిఫిన్ బాక్సులు విప్పుకుని ఆడపిల్లలంతా ఆమె చుట్టూ చేరి కడుపుబ్బ నవ్వేవాళ్లు. ఒకరోజు తెలుగు చెప్పే కృపారాణి మేడం వరండాలో నడిచిపోతూ తన గొంతే తరగతి గదిలోంచి వినబడి ఆగిపోయింది. లోపలికి వచ్చింది. తిట్టలేదు.

"రేపు మధ్యాహ్నం సెమినార్ హాల్‌కు రా. నాటకంల ఒక ముసలవ్వ వేషం ఖాళీగుంది" అంది.

కాలేజీలో సాంస్కృతిక కార్యక్రమాలన్నీ ఆ మేడం చేతిమీదుగానే జరిగేవి. బతుకమ్మ ఆడించినా, వార్షికోత్సవానికి డాన్సులు కట్టించినా, కాలేజీల మధ్య పోటీలకు పిల్లలను తీసుకుపోయినా ఆమే. ఆ ఏడు యువజనోత్సవంలో నాటిక పోటీ ఉంది. మొదటి అంచె జగిత్యాలలో, అక్కడ గెలిస్తే సిరిసిల్లలో. నాటకం రాసిందీ, ఆడిస్తున్నదీ ఫైనలియర్ అభినవ్. వాళ్లది సిరిసిల్ల వైపు గంభీరావుపేట. కోరుట్లలో హాస్టల్లో ఉండి చదువుకుంటున్నాడు. నాటకం పేరు 'అస్తనన్నడు', అంటే వస్తానన్నాడు. గల్ఫ్‌కు పోయిన ఒక మనిషి పెట్టెలో తిరిగి రావడం, అతని భార్య ఆ పెట్టె ముందు ఏడవడం, అంతే కథ.

భార్య వేషం దీపది.

దీపది ఇబ్రహీంపట్నం. అఖిలకు ఇంటర్ నుంచి జత. ఇద్దరూ ఒకే బెంచీ, ఒకే డబ్బాలో అన్నం. దీప తండ్రి దశరథం మస్కట్‌లో బిల్డింగుల పని చేసేవాడు. గల్ఫ్‌లో తండ్రి ఉన్న పిల్ల గల్ఫ్ చావు మీద నాటకం ఆడటమేంటని ఎవరికీ తోచలేదు. ఆ హాల్లో కూర్చున్నవాళ్లలో సగం మందికి దుబాయిలోనో, ఖతర్‌లోనో తండ్రో, అన్నో, మేనమామో ఉన్నారు. అలా పట్టించుకుంటూ పోతే ఆ చుట్టుపక్కల ఎవరూ ఏ నాటకమూ ఆడలేరు.

దీప బాగా ఏడ్చేది. రెండు బెంచీలు దగ్గరికి జరిపి తెల్లగుడ్డ కప్పితే అదే పెట్టె. దాని మీద వాలి ఆమె గొంతెత్తితే పక్క గదుల్లోని పిల్లలు కిటికీల దగ్గరికి వచ్చి నిలబడేవారు. ప్రాక్టీస్ అయిపోగానే కళ్లు తుడుచుకుని, "అఖిలా, సమోసా తిందామా?" అని నవ్వేది.

ఆ రోజు కూడా అలాగే బెంచీల మీద వాలి ఏడుస్తోంది. మూలన పెట్టిన ఆమె బ్యాగులో ఫోన్ మోగింది. ఆగి మళ్లీ మోగింది. అఖిల తీసి చూసింది.

"దీపా, మీ మామ చేస్తుండు. ఊకె ఊకె చేస్తుండు."

దీప కన్నీళ్లు చున్నీతో ఒత్తుకుని ఫోన్ అందుకుంది. "ఆ మామా" అంది. తర్వాత ఏమీ అనలేదు. మెల్లగా కింద కూర్చుంది. బెంచీకి వీపు ఆనించి, ఫోన్ చెవికి పెట్టుకునే ఉంది. ఆమె ఇంకా నాటకంలోనే ఉందనుకున్నారు అందరూ. అభినవ్ అయితే, "గిట్ల కూసునుడు మంచిగుంది, గిదే ఉంచుదాం" అన్నాడు కూడా. ఆ మాట అన్నందుకు తర్వాత కొన్ని రోజులు ఎవరు దీప పేరెత్తినా అతను తల వంచుకునేవాడు.

దశరథం క్యాంపు గదిలో పడుకున్నవాడు పొద్దున లేవలేదు. గుండె ఆగిందన్నారు. కాగితాలు తయారై, విమానం దొరికి, శవం హైదరాబాద్‌కు చేరేసరికి వారాలు పట్టింది. అన్నాళ్లూ ఆ ఇంట్లో పొయ్యి సరిగా వెలగలేదు. చావు జరిగింది, కానీ చనిపోయిన మనిషి లేడు. ఏమని ఏడవాలో తెలియక రాజవ్వ, దీప తల్లి, గడపలో కూర్చుని వచ్చిపోయేవాళ్లకు నీళ్లిచ్చేది.

అంబులెన్స్ వచ్చే రోజు అఖిలను ఆమె తండ్రి లక్ష్మీరాజం తన ఆటోలో మల్లాపూర్ నుంచి ఇబ్రహీంపట్నం తీసుకెళ్లాడు. ఒకప్పుడు తాటిచెట్లెక్కి కల్లుగీసిన మనిషి ఆయన. నడుం పట్టేసి ఎక్కలేకపోయాక ఆటో కొనుక్కున్నాడు. దారంతా పసుపు చేలు ఆకు వాడిపోయి తవ్వకానికి సిద్ధంగా ఉన్నాయి.

పెట్టెను వాకిట్లో దించారు. కృపారాణి మేడం, అభినవ్, ఇంకొందరు కాలేజీ పిల్లలు అప్పటికే వచ్చి గోడ పక్కన నిలబడి ఉన్నారు. రాజవ్వ ఒక్కసారిగా మీదపడి ఏడుస్తుందేమోనని ఆడవాళ్లు ఆమెను రెండు వైపులా పట్టుకున్నారు. ఆమె మీద పడలేదు. మెల్లగా వాళ్ల చేతులు విడిపించుకుంది. పెట్టె ముందు కూర్చుని, చీర కొంగు చేతికి చుట్టుకుని, దాని మూత మీది దుమ్ము తుడవడం మొదలుపెట్టింది. ఈ మూల నుంచి ఆ మూలకు, పనికి పోయి వచ్చినవాడి వీపు తుడిచినట్టు.

"ఎంత దూరం నుంచి అస్తివయ్యా... ఒంటినిండ దుమ్ము పడ్డదయ్యా... పసుపు తవ్వే యాళ్లకు అస్తనంటివి, గిట్లస్తనని జెప్పకపోతివి... మొన్న ఫోన్ల మొఖం జూపిత్తివి, ఇయ్యాల మూతేసుకుంటివా..."

గొంతు పెద్దది కాదు. ప్రతి మాట చివరా ఊపిరి తెగి, మళ్లీ ఎక్కడినుంచో అందుకునేది. వాకిలంతా ఏడ్చింది. మేడం ఏడ్చింది, అభినవ్ ఏడ్చాడు, ఆటో దగ్గరే ఆగిపోయిన లక్ష్మీరాజం తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. అఖిల కూడా వెక్కి వెక్కి ఏడ్చింది. కానీ ఏడుస్తూనే ఆమె కళ్లు రాజవ్వ చేతిని చూస్తున్నాయి. కొంగు ఎలా చుట్టుకుంది, ఊపిరి ఎక్కడ తెగింది, తల ఏ పక్కకు వాలింది. అలా చూడాలని ఆమె అనుకోలేదు. ఆమెకు చూడకుండా ఉండటం చేతకాదు, అంతే.

దీప మాత్రం గోడకు ఆనుకుని పొడి కళ్లతో నిలబడింది. అఖిల వెళ్లి భుజం మీద చెయ్యి వేస్తే, "వచ్చినావే" అని మాత్రం అంది.

తర్వాతి వారం స్టాఫ్ రూములో మేడం, "ఈ యేడు నాటకం బంద్ పెడదాం" అంది.

"ఇంకెప్పుడు మేడం? నాది లాస్ట్ ఇయర్" అన్నాడు అభినవ్. "సిరిసిల్ల దాక పోతే మా బాపు చూడనీకి అస్తనన్నడు. నేనేం చదువుతున్ననో, ఏం చేస్తున్ననో ఆయనకు ఎన్నడూ చూపియ్యలే. జర ఆలోచించుండ్రి మేడం."

మేడం చాలాసేపు ఆలోచించి దీపకు ఫోన్ చేసింది. దీప గొంతు ఎప్పటిలాగే ఉంది. "చేసుకోండ్రి మేడం. నేనైతే రాను" అంది. నాటకం ఆడతారని ఆమెకు తెలుసు. ఎలా ఆడతారో అప్పటికి ఎవరికీ తెలియదు.

భార్య వేషం అఖిలకు వచ్చింది. ఆమెకు ఏడుపు రాలేదు. నవ్వించడం అలవాటైన గొంతు ఏడవబోతే వంకర పోయేది. గట్టిగా అరిస్తే అబద్ధంలా, మెల్లగా అంటే పాఠం అప్పజెప్పినట్టు ఉండేది. అభినవ్ విసుగెత్తి స్క్రిప్టు కుర్చీలోకి విసిరాడు.

"దీప ఎట్ల చేసేదో గట్ల చెయ్యి గద! ఎవలను జూసినా దించుతవు, దీపను దించరాదా?"

"దీపది దించితే దొంగ ఏడుపైతది" అంది అఖిల. ఆ మాట ఎందుకన్నదో ఆమెకే తెలియదు.

పోటీ దగ్గర పడింది. ఒక మధ్యాహ్నం, అందరూ అలసిపోయి ఇక చాలనుకుంటున్నప్పుడు, అఖిల "ఇంకొక్కసారి" అంది. పెట్టె ముందు కూర్చుంది. రాసి ఉన్న మాటలు వదిలేసింది. చున్నీని కొంగులా చేతికి చుట్టుకుని తెల్లగుడ్డ మీద ఈ మూల నుంచి ఆ మూలకు తుడిచింది.

"ఎంత దూరం నుంచి అస్తివయ్యా..."

హాలు గడ్డకట్టింది. చివరికి ఆమె తలెత్తి చూస్తే మేడం కళ్లద్దాలు చేతిలో పట్టుకుని ఉంది. ఆ వాకిట్లో నిలబడి వచ్చినవాళ్లంతా ఆ హాల్లో ఉన్నారు. అది ఎవరి ఏడుపో ప్రతి ఒక్కరికీ తెలుసు. ఎవరైనా ఒక్క మాట అంటారేమోనని అఖిల ఎదురుచూసింది. అంటే ఆగిపోదామనుకుంది.

"గిదే" అన్నాడు అభినవ్. "గిదే ఉంచు."

మేడం కళ్లద్దాలు పెట్టుకుని, లైట్లు ఆర్పమని అటెండర్‌కు చెప్పి బయటికి వెళ్లింది.

జగిత్యాలలో హాలు నిండింది. అన్ని కాలేజీల పిల్లలు, ఈలలు, డప్పులు. వీళ్లకంటే ముందు ఎవరిదో హాస్య నాటిక పడింది. ఆ నవ్వులు ఇంకా సద్దుమణగకముందే 'అస్తనన్నడు' మొదలైంది. పెట్టెను మోసుకొచ్చి వేదిక మధ్యలో దించారు. అఖిల వచ్చి కూర్చుంది. కొంగు చేతికి చుట్టుకుంది. ఒక్కో వరుసా నిశ్శబ్దమైపోవడం ఆమెకు తెలుస్తూనే ఉంది. అంతమందిని ఒక్క చేత్తో పట్టి ఆపినట్టు ఉంది. అలాంటిది ఆమె ఎన్నడూ ఎరగదు.

అప్పుడు పక్క తలుపు దగ్గర దీప కనిపించింది.

తండ్రి కాగితాల పని మీద మేనమామతో కలెక్టరేట్‌కు వచ్చిందట. పని తొందరగా అయిపోతే, ఈ రోజే పోటీ అని గుర్తొచ్చి, దోస్తులను చూసిపోదామని వచ్చిందట. ఇదంతా అఖిలకు తర్వాత తెలిసింది. అప్పుడు తెలిసింది ఒక్కటే. తలుపు పట్టుకుని దీప నిలబడి ఉంది, తన చేతి వంక చూస్తోంది.

ఆపవచ్చు. రాసిన మాటలు నోటికి వచ్చే ఉన్నాయి, వాటిలోకి జారుకోవచ్చు. కానీ హాలు ఆమె చేతిలో ఉంది. అఖిల ఆపలేదు. పైగా ఆ గొంతు ఇంకాస్త లోతుకు దిగింది.

"మొన్న ఫోన్ల మొఖం జూపిత్తివి, ఇయ్యాల మూతేసుకుంటివా..."

చప్పట్లు మోగినప్పుడు తలుపు దగ్గర ఎవరూ లేరు.

ఉత్తమ నాటిక వాళ్లదే. ఉత్తమ నటి అఖిల. వ్యాన్‌లో అందరూ పాటలు పాడుకుంటూ కోరుట్లకు తిరిగొచ్చారు. అఖిల కిటికీ పక్కన కూర్చుని దీపకు ఫోన్ చేస్తూనే ఉంది. రింగు పోయేది, ఎత్తేది కాదు. రెండో రోజుకు రింగు కూడా పోలేదు.

ఎవరో నాటకాన్ని ఫోన్లో తీసి గ్రూపుల్లో పెట్టారు. అది ఊరూరూ తిరిగి మల్లాపూర్ ఆటో స్టాండుకూ చేరింది. పొద్దుగూకేవేళ లక్ష్మీరాజం ఫోన్ పట్టుకుని ఇంట్లోకి వచ్చాడు. మొహం వెలిగిపోతోంది.

"స్టాండ్ల అందరికి చూపిచ్చిన బిడ్డా. మనింట్ల ఎవలికీ రాని కళ నీకచ్చింది" అన్నాడు. మంచం మీద కూర్చుని మళ్లీ పెట్టుకుని చూశాడు. కొంగుతో తుడిచే చోటికి వచ్చేసరికి ఆయన నవ్వు తగ్గింది. ఫోన్ కొంచెం దూరంగా పట్టుకున్నాడు.

"గిది రాజవ్వ ఏడ్సిన ఏడుపే గదనే?"

అఖిల తలూపింది.

"ఆమెను అడిగినవా?"

"లేదు బాపు."

లక్ష్మీరాజం మంచం మీంచి లేచాడు. ఫోన్ ఆపి జేబులో పెట్టుకుని, కాళ్లు కడుక్కోవడానికి పెరట్లోకి పోయాడు. ఆయన తిట్టి ఉంటే బాగుండేదనిపించింది ఆమెకు.

మరునాడు కాలేజీకి పోకుండా ఇబ్రహీంపట్నం బస్సెక్కింది. దారి పొడవునా ఏమనాలో అనుకుంటూనే ఉంది. ఏది అనుకున్నా నాటకంలో మాటలాగే వినిపించింది.

రాజవ్వ వాకిట్లో చాట ఒళ్లో పెట్టుకుని బీడీలు చుడుతోంది. మనిషి సగమైంది. అఖిలను చూసి, "రా బిడ్డా, కూసో" అంది. "దీప లేదు. మామెంట మెట్‌పల్లి పోయింది."

"నేను నీ కోసమే వచ్చిన చిన్నమ్మా."

రాజవ్వ ఆకు కత్తిరిస్తూనే ఉంది. "పక్కింటి సారక్క ఫోన్ల చూపిచ్చింది" అంది. "మంచిగ ఏడ్సినవు."

అఖిల ఆమె కాళ్ల దగ్గర కూలబడింది. "తప్పైంది చిన్నమ్మా. అడుగకుంట చేసిన. ఇంక చెయ్య."

"నేను గట్లనే ఏడ్సిన్నా?" రాజవ్వ చేతులు ఆగాయి. ఆ గొంతులో కోపం లేదు. తెలుసుకోవాలన్న ఆరాటం ఉంది. "నాకేం యాది లేదు బిడ్డా. ఆయన్ను దించింది యాదికున్నది. ఎత్తుకపోయింది యాదికున్నది. నడుమ ఏమైందో ఏం లేదు. నువ్వు దుమ్ము తుడిస్తే గప్పుడు అనుకున్న, అవునా, గట్ల తుడిచిన్నా అని. గానాటి నుంచి నాకు కండ్లల్ల నీళ్లే అస్తలేవు. ఎండిపోయినయి. ఏడ్వకుంటే ఎట్లనే అని అందరంటున్నరు."

చాట పక్కన పెట్టింది. ఒళ్లో రాలిన పొగాకు దులుపుకుని, కాళ్లు ముడుచుకుని అఖిలకు ఎదురుగా కూర్చుంది.

"ఒకసారి చెయ్యి బిడ్డా. చూస్త."

"నాతోని కాదు చిన్నమ్మా."

"ఆడ అంతమంది ముందట ఏడ్సినవు. నా ముందట ఏడ్వవా?"

అఖిల ముందుకు జరిగింది. చున్నీ కొస చేతికి చుట్టుకుంది. వాకిలి నేల మీద చెయ్యి పెట్టింది. "ఎంత దూరం నుంచి..." అంది. అంతే, గొంతు పగిలిపోయింది. మాటలు రాలేదు. ముక్కూ నోరూ కలిసిపోయి, చిన్నపిల్ల దెబ్బ తగిలి ఏడ్చినట్టు ఏడ్చింది. ఎవరినీ దించని ఏడుపు అది.

రాజవ్వ తల అడ్డంగా ఊపింది.

"గిట్ల గాదు బిడ్డా. ఆడ చేసినట్టు చెయ్యి."

అఖిల కళ్లు తుడుచుకుంది. ఊపిరి పట్టి, మొదటినుంచి ఎత్తుకుంది. ఈసారి మాటలు వచ్చాయి. ఒక్కొక్కటే, ఎక్కడ తెగాలో అక్కడ తెగుతూ వచ్చాయి. రాజవ్వ పెదాలు మొదట కదిలాయి, తర్వాత మెల్లగా చెయ్యి వచ్చి అఖిల చేతి పక్కన నేల మీద పడింది. ఇద్దరి చేతులూ ఆ ఖాళీ నేలను తుడుస్తున్నాయి. ఉన్నట్టుండి రాజవ్వ నోటినుంచి ఒక కేక వచ్చింది. ఆ కేకకు సారక్క పరుగెత్తుకొచ్చింది, వీధిలోవాళ్లు వచ్చారు, మళ్లీ ఏం ముంచుకొచ్చిందోనని వాకిట్లో గుమిగూడారు.

ఆ గుంపును తోసుకుని దీప లోపలికి వచ్చింది. చేతిలో మెట్‌పల్లి నుంచి తెచ్చిన కూరగాయల సంచి ఉంది. నేల మీద తల్లిని చూసింది, అఖిల చేతికి చుట్టిన చున్నీని చూసింది.

"ఈడికి కూడ అచ్చినవా?" అంది.

"దీపా, చిన్నమ్మనే అడిగింది..."

"పో అఖిలా. ఇంక మా ఇంటికి రాకు."

గట్టిగా అనలేదు. తల్లి పక్కన కూర్చుని ఆమె తలను ఒళ్లోకి తీసుకుంది. అఖిల గుంపులోంచి బయటికి నడిచింది. వెనక రాజవ్వ ఏడుపు వీధి మలుపు దాకా వినిపిస్తూనే ఉంది.

సిరిసిల్ల పోటీకి పోనని చెప్దామనుకుంది. కానీ నాటకం ఆమె ఒక్కదానిదే కాదు. పెట్టె మోసే పిల్లలున్నారు, డప్పు కొట్టేవాళ్లున్నారు, తండ్రి వస్తున్నాడని కొత్త చొక్కా కొనుక్కున్న అభినవ్ ఉన్నాడు. మేడంతో మాత్రం అంది, "నేను రాసి ఉన్నదే చెప్త మేడం."

మేడం ఆమె మొహంలోకి చూసింది. ఎందుకని అడగలేదు. "నీ ఇష్టం" అంది. తర్వాత, వెళ్లిపోతున్నదాన్ని ఆపి, "అభినవ్‌కు చెప్పినవా?" అంది.

"లేదు మేడం."

చెప్పే ధైర్యం ఇద్దరికీ లేకపోయింది.

సిరిసిల్లలో ముందు వరుసలోనే అభినవ్ తండ్రి కూర్చున్నాడు. తెల్లచొక్కా, తెల్లపంచె, రెండు చేతులూ మోకాళ్ల మీద. జగిత్యాల వీడియో చూసినవాళ్లు చాలామందే ఉన్నారు. అఖిల వేదిక మీదికి రాగానే "గీమెనే, గీమెనే" అన్న గుసగుస వినిపించింది. పెట్టె దించారు. ఆమె కూర్చుంది. చెయ్యి దానంతటదే కొంగు అందుకుంది. అందరూ ముందుకు వంగారు.

అఖిల కొంగు వదిలేసింది.

అభినవ్ రాసిన మాటలు వరుసగా చెప్పింది. మంచి మాటలే అవి. కానీ ఆమె నోట్లో అవి ఎండుటాకుల్లా గలగలలాడాయి. ఎక్కడో వెనక ఒకరు దగ్గారు. ఇంకెవరో ఫోన్ చూసుకోవడం మొదలుపెట్టారు. ఏడుపు రావాల్సిన చోట ఆమెకు ఏడుపు రాలేదు, వచ్చినట్టు నటించలేదు కూడా. తెర పడినప్పుడు మర్యాదకు కొట్టే చప్పట్లు కొన్ని పడ్డాయి.

ఏ బహుమతీ రాలేదు. బయట వ్యాన్ దగ్గర అభినవ్ ఆమెకు ఎదురొచ్చాడు.

"కావాలనే చేసినవు గద?"

"అవును."

"ఒక్క మాట నాకు చెప్తే ఏమైతుండె? మా బాపును ముందట కూసోబెట్టుకుని..." దూరంగా చెట్టు కింద అతని తండ్రి నిలబడి ఉన్నాడు. కొడుకు వచ్చేదాకా ఆగి, భుజం తట్టి, "మంచిగనే ఉన్నది కొడుకా, నాకైతే మంచిగనే అనిపిచ్చింది" అని బస్టాండు వైపు తీసుకుపోయాడు. అభినవ్ వ్యాన్‌లో రాలేదు. ఆ తర్వాత కాలేజీ అయిపోయేదాకా అఖిలతో మాట్లాడనూ లేదు.

ఎండలు ముదిరాక ఒక మధ్యాహ్నం దీప కాలేజీకి వచ్చింది. టీసీ కోసం. ఆఫీసు ముందు వరండాలో స్తంభానికి ఆనుకుని నిలబడి ఉంటే అఖిల చూసింది. దగ్గరికి పోవడానికి భయపడింది. దీపే ఆమెను చూసింది, పొమ్మనలేదు గనుక అఖిల దగ్గరికి వెళ్లింది.

"చదువు ఆపుతున్నవా?"

"లేదు. జగిత్యాలల మా చిన్నమ్మ ఇంట్ల ఉండి చదువుత. అమ్మ కూడ ఆడికే అస్తది."

"మీ అమ్మ ఎట్లుంది?"

"నువ్వు అచ్చిపోయిన కాన్నుంచి రోజు ఏడుస్తుంది. గంత మంచిదే, లోపల పెట్టుకోవద్దు అంటున్నరు అందరు."

అఖిల ఇంకాస్త దగ్గరికి జరిగింది. "సిరిసిల్లల నేను గది చెయ్యలే దీపా."

"తెలుసు. అభినవ్ ఫోన్ చేసి తిట్టిండు, నేనే వద్దన్ననేమోనని." దీప చున్నీ సరిచేసుకుంది. "నేను వద్దన్లే గద. ఎందుకు ఆపినవు?"

"నీకు కోపమచ్చిందని."

"కోపం నువ్వు మా అమ్మను దించినవని అనుకుంటున్నవా?" దీప ఆమె వంక కాదు, గ్రౌండు వంక చూస్తూ మాట్లాడింది. "నేను గా బెంచీల మీద పడి ఎన్నిసార్లు ఏడ్సిన, నువ్వే చూసినవు. నా మొగుడు సచ్చిపోయిండని, పెట్టెలచ్చిండని. రోజూ ఏడ్సుడు, రోజూ లేసి సమోసా తినుడు. తర్వాత మా బాపు నిజంగ పెట్టెల అచ్చిండు. ఏడుద్దామని నోరు తెరిస్తే, ప్రాక్టీస్ చేస్తున్నట్టే ఉన్నది. నా గొంతు నాకే నాటకం లెక్క వినవడ్డది. నోరు మూసుకున్న. ఇంక రాలే. ఇప్పటికీ రాలే."

అఖిల చెయ్యి పట్టుకోబోయింది. దీప చెయ్యి ఇవ్వనూ లేదు, వెనక్కి తీసుకోనూ లేదు.

"జగిత్యాలల నువ్వు ఏడుస్తుంటే హాల్ల అందరూ ఏడుస్తున్నరు. మా బాపు ఎవలో వాళ్లకు ఎర్కనే లేదు, ఏడుస్తున్నరు. నేను తలుపు కాడ నిలవడి అనుకున్న, ఇప్పుడన్న అస్తదేమో అని. రాలే. గందుకే పోయిన."

లోపలినుంచి పేరు పిలిచారు. దీప వెళ్లి సంతకం పెట్టి, కాగితం తీసుకుని బ్యాగులో పెట్టుకుని వచ్చింది. ఎండ భగ్గుమంటోంది. చున్నీ తల మీద కప్పుకుంది.

"పోయస్త" అంది.

"ఫోన్ చెయ్యనా ఎప్పుడన్న?"

దీప బ్యాగు భుజానికి తగిలించుకుంది. "ఇప్పుడైతే వద్దు" అని మెట్లు దిగింది. గేటు దగ్గర మేనమామ బండి మీద కూర్చుని ఉన్నాడు. ఆమె ఎక్కగానే బండి కదిలింది.

అఖిల వరండాలోనే నిలబడిపోయింది. ఆఫీసులోంచి గుమస్తా శోభ మేడం తల బయటికి పెట్టి, "నీకేం గావాలె అమ్మా?" అని అడిగింది.

"ఏం లేదు మేడం" అంది అఖిల. అయినా అక్కడినుంచి కదల్లేదు.